మెట్ల రెయిలింగ్ కదులుతుంటే...

ప్రశ్న: మా డూప్లెక్స్‌లో స్టీలు రెయిలింగ్ పట్టుకుంటే కదులుతోంది. మేస్త్రీ ఫర్వాలేదంటున్నాడు. ఇంట్లో రెండేళ్ల మనవడున్నాడు. గట్టిదో కాదో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కదులుతుంటే ఫర్వాలేదనుకోకండమ్మా. ఇంటి మెట్ల రెయిలింగ్ మీటరుకు 0.35 కిలోన్యూటన్లు, అంటే సుమారు 35 కిలోల అడ్డబలం తట్టుకోవాలని భవనాలపై పడే భారాల గురించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 రెండో భాగం చెబుతోంది. లగేజీ తూచే కొక్కెం త్రాసును రెయిలింగ్ స్తంభం పైకొసకు తగిలించి, మెట్ల వైపుకే అడ్డంగా 35 కిలోలు చూపేదాకా మెల్లగా లాగండి. అంతలోపే స్తంభం ఒరిగిపోతే గట్టిది కాదన్నమాట. లాగేటప్పుడు మీరు బయటివైపు ఒరగొద్దు.

తర్వాత స్తంభం అడుగున ఉండే స్టీలు మూతను పైకి జరిపి చూడండి. లోపం ఎక్కువగా అక్కడే ఉంటుంది. గ్రానైట్ మందం 18-20 మి.మీ.; కింద సిమెంటు మాలు. పొట్టి స్క్రూలు అక్కడే ఆగిపోతాయి, ఎంత బిగించినా రంధ్రం పెద్దదవుతుందే తప్ప పట్టు రాదు. 10 మి.మీ. యాంకర్ బోల్టు (కాంక్రీటును పట్టుకుని బిగుసుకునే బోల్టు) శ్లాబు కాంక్రీటులోకి కనీసం 60 మి.మీ. దిగాలి. రాయి అంచుకు దగ్గరగా డ్రిల్ చేస్తే పగులుతుంది.

ఎత్తు 90 సెం.మీ.కు తగ్గకూడదు, మీటరైతే మేలు. కమ్మీల సందు 10 సెం.మీ. దాటితే బాబు తల దూరుతుంది. అడ్డకమ్మీలుంటే ఎక్కేస్తాడు, నిలువువి పెట్టించండి.