అమెరికా వెళ్లిన మనవాళ్లు అక్కడి సంస్కృతిలో కలిసిపోకపోవడం వల్లే వలసల మీద ఇంత వ్యతిరేకత వస్తోందా? మీ అనుభవం చెప్పండి

ప్రశ్న కింద మీరు ఇంకో రెండు ముక్కలు కూడా చేర్చారు. ఎక్కడో యుద్ధం జరిగితే శాంతి చర్చల గోల మనకెందుకని ఒకటి, ఏఐ వచ్చాక వలసలే ఆగిపోతాయి కదా అని ఇంకొకటి. నేను అమెరికా వెళ్లలేదు. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర చిన్న టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. అయినా ఈ మూడు సంగతుల మీదా మొన్న సంక్రాంతికి మా ఇంట్లో మూడు రోజులు యుద్ధమే జరిగింది కాబట్టి జవాబు రాసే అర్హత ఉందనుకుంటున్నాను.

మా బావ, అంటే అక్క భర్త, డాలస్‌లో ఉంటాడు. 2001లో వెళ్లాడు, 2016లో సిటిజన్ అయ్యాడు. పండక్కి వచ్చాడు. మా చిత్తూరు వైపు పండగ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ అనపకాయలే (సొరకాయలు కాదు, చిక్కుడు జాతి కాయలు). కాయలు ఒలిచి, గింజల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కో గింజనూ రెండు వేళ్ల మధ్య పట్టి పితికితే పొట్టు చేతిలో మిగిలి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. ఆ పితికిపప్పు పని గంటల తరబడి సాగుతుంది. చేతులకు పని, నోటికి ఖాళీ. వాదనలకు అంతకన్నా మంచి వేళ ఉండదు.

బావ మొదలుపెట్టాడు. "వచ్చేవాళ్లు ఎక్కువైపోయార్రా. హీరో పుట్టినరోజని కార్ల ర్యాలీలు, అర్ధరాత్రి టపాసులు. పక్కింటి తెల్లాయనతో ఒక్క మాట మాట్లాడరు. వాళ్లకు మండదా మరి?" టెక్సాస్‌లోనే షుగర్ ల్యాండ్‌లో 2024లో నిలబెట్టిన 90 అడుగుల హనుమంతుడి విగ్రహం మీద అక్కడ రేగిన గొడవ కూడా చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. ఎవరి వీధిలో ఉంటే వాళ్ల నిద్ర పాడుచేయకూడదు, దానికి డాలస్ అయినా మా తిరుపతి కొర్లగుంట అయినా ఒకటే.

కానీ ఆ ఉదయం గిన్నె ముందు కూర్చోవలసిన మనిషి ఒకడు తక్కువయ్యాడు, మా అన్న కొడుకు. నార్త్ కరోలినాలో హెచ్ వన్ బీ, అంటే ఉద్యోగ వీసా మీద ఉన్నాడు. డిసెంబర్‌లో ఇక్కడి కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వీసా స్టాంపింగ్‌కు అపాయింట్‌మెంట్ తీసుకుని టికెట్లు కూడా కొన్నాడు. సోషల్ మీడియా ఖాతాలు తనిఖీ చేస్తామని కాన్సులేట్లు అపాయింట్‌మెంట్లను నెలల తరబడి వెనక్కి జరిపాయి. వస్తే మళ్లీ వెళ్లగలడో లేదో అని టెన్షన్‌తో టికెట్లు రద్దు చేసుకున్నాడు. నిజానికి మా వంశంలో అమెరికాలో బాగా కలిసిపోయినవాడెవడైనా ఉంటే వాడే. ఆదివారం అక్కడి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాడు, పక్కింటి ముసలావిడ ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తాడు. తెలుగు సంఘం వైపే పోడు. బావ మాత్రం పాతికేళ్లుగా శనివారం గుడి, ఆదివారం తెలుగువాళ్ల పాట్‌లక్ (తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినడం). ఫుట్‌బాల్ నేర్పేవాడు భయంతో ఇంటికి రాలేదు, పాట్‌లక్ ఆయన నిశ్చింతగా వచ్చి పప్పు పితుకుతున్నాడు. తేడా సంస్కృతిలో లేదు, పాస్‌పోర్టులో ఉంది.

ఇదే నా జవాబు. కలిసిపోవడం గురించి ఎంత మాట్లాడినా చివరికి తేల్చేది కాగితం.

లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది వీసాను బస్ టికెట్ అనుకుంటారు. ఏడాదికి కొత్త హెచ్ వన్ బీలు 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, అందులో ఒక్క దేశంలో పుట్టినవాళ్లకు మామూలుగా 7 శాతం మించవు. ఎంత జనాభా ఉన్న దేశమైనా అదే గీత. అందుకే మనవాళ్ల క్యూ దశాబ్దాలకు పాకింది. దాని మీద 2025 సెప్టెంబర్‌లో బయటి నుంచి తెచ్చుకునే కొత్త హెచ్ వన్ బీకి లక్ష డాలర్లు కట్టాలన్నారు. బావ వెళ్లినప్పుడు క్యూ చిన్నది. రైలెక్కి సీటు దొరికాక తలుపు దగ్గర నిలబడినవాళ్లను "ఇంక చోటు లేదు" అని కసిరే ప్రయాణికుడు గుర్తొచ్చాడు నాకు. ఆ మాట అనేశాను కూడా. అక్క నా తొడ మీద గిల్లింది.

బావ ఊరుకోలేదు. "నీ హోటల్లో దోసె మాస్టర్ ఎవర్రా?" అన్నాడు.

ఇక్కడ నేను దొరికిపోయాను. మా దోసె మాస్టర్ ఒడిశా కుర్రాడు, గంజాం జిల్లా. వాడికి ముందు మా ఊరి మాస్టరే ఉండేవాడు, నెలకు 24,000. ఈ కుర్రాడు 15,000కు చేస్తానన్నాడు. పాతాయనతో "మీరు కూడా తగ్గించుకోండి" అన్నాను. ఆయన ఏప్రన్ విప్పి కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయాడు, ఈ రోజుకీ ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. కాబట్టి బయటివాళ్ల వల్ల జీతాలు తగ్గుతాయనే భయం ఉత్త ద్వేషం అని నేను చెప్పలేను. అయితే తగ్గించింది ఒడిశా నుంచి వచ్చినవాడు కాదు, నేను. లాభం నాది, తిట్లు వాడికి. అమెరికాలోనూ అంతే అనుకుంటాను, తక్కువ జీతానికి మనిషిని తెచ్చుకున్న కంపెనీ మీద పడవలసిన కోపం వచ్చినవాడి మీద పడుతుంది. (ఇప్పుడు వాడికి 22,000 ఇస్తున్నాను. బావ అడిగాక కాదు, అంతకు ముందు నుంచే. నమ్మితే నమ్మండి.)

కలిసిపోవడం మాటకొస్తే ఈ కుర్రాడు ఎనిమిది నెలల్లో తెలుగు పట్టేశాడు. అదీ పుస్తకాల తెలుగు కాదు. "ఏంటికి సామీ అరుస్తావు, చట్నీ వస్తా ఉండాది" అంటాడు. భార్యను, కూతుర్ని తెచ్చుకుందామని ఇల్లు వెతికితే మాత్రం నాలుగు నెలలు ఎవరూ ఇవ్వలేదు. "తెలుగువాళ్లకే" అని చెప్పడానికి మొహమాటపడి "మేం వెజిటేరియన్స్‌కే ఇస్తాం" అనేవాళ్లు. ఆ చెప్పిన ఇంట్లోంచే నాటుకోడి పులుసు వాసన వస్తోందని వాడు నవ్వుతూ చెప్పాడు. చివరికి నా పేరు మీద అగ్రిమెంట్ రాయించుకుని ఒక గది ఇచ్చారు. వీసా స్పాన్సర్ అంటే ఏంటో నాకు ఆ రోజు అర్థమైంది.

మా అమ్మ ఇంతసేపూ మాట్లాడకుండా పితుకుతూనే ఉంది. ఆమె పుట్టింది తిరుత్తణి పక్క పల్లెలో. చిత్తూరు జిల్లాలో ఉన్న ఆ తాలూకా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది, సత్యవేడు వైపు ఊళ్లు ఇటొచ్చాయి. తిరుపతి కూడా మాదేనని తమిళ నాయకుడు మ.పొ. శివజ్ఞానం ఉద్యమం నడిపారు, తిరుపతి ఇటు మిగిలింది. అమ్మకు అప్పుడు ఎనిమిదేళ్లు. ఇల్లు కదల్లేదు, బావి కదల్లేదు, బడిలో పలక మీద అక్షరాలు మారాయి. ఈ రోజుకీ ఆమె సరుకుల చిట్టా తెలుగు మాటల్లో, తమిళ అక్షరాల్లో రాస్తుంది. తమిళంలో ప, బ లకు ఒకే అక్షరం కదా. మా ఆవిడ కొత్తలో కూడబలుక్కుని తమిళం చదవడం నేర్చుకుని, చిట్టాలో "పెల్లం రెండు కిలోలు" అని చదివి కంగారుపడింది. అది బెల్లం.

ఎవరు ఎవరిలో కలిశారో మా జిల్లాలో చెప్పడం కష్టం. ధనుర్మాసంలో కొండ మీద సుప్రభాతం బదులు ఆండాళ్ తిరుప్పావై, అదీ తమిళంలో. ఆ స్వామి గుడి పెత్తనం 1843 నుంచి 1933 దాకా హథీరాంజీ మఠం మహంతులది, అంటే ఉత్తరాది బావాజీలది. స్వామి వచ్చి బావాజీతో పాచికలాడాడని కథ చెప్పుకునే ఊళ్లో, ఉత్తరాది కూలీకి గది ఇవ్వడానికి చేతులు రావు.

ఇక శాంతి చర్చలు. 2019లో హోటల్‌కు రంగులు వేయించాను. వచ్చిన పెయింటర్ తమిళనాడులో గుమ్మిడిపూండిలోని శ్రీలంక శరణార్థుల క్యాంపు నుంచి వచ్చాడు. తల్లిదండ్రులు 1990లో పడవలో రామేశ్వరం చేరారు, ఇతను 1992లో క్యాంపులోనే పుట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ల భాషే, మతమే, తిండే. కలిసిపోవడానికి ఇంకేం మిగల్లేదు. అయినా పౌరుడు కాడు. 1987 జూలై 1 నుంచి ఇక్కడ పుట్టినవాళ్లకు పుట్టుకతో పౌరసత్వం రావాలంటే తల్లిదండ్రుల్లో ఒక్కరైనా భారతీయులై ఉండాలి. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. 2019 పౌరసత్వ సవరణలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ ఉన్నాయి, శ్రీలంక లేదు. క్యాంపులో హాజరు వేసే రోజు వస్తే సగం గోడ వదిలేసి రైలెక్కేవాడు. నేను మొదట్లో పని ఎగ్గొడుతున్నాడని తిట్టాను.

అతను చెప్పిన ఒక సంగతి నేను ఎప్పటికీ మర్చిపోలేను. 2002 ఫిబ్రవరిలో నార్వే మధ్యవర్తిత్వంతో కాల్పుల విరమణ కుదిరిందట. వాళ్ల నాన్న ట్రంకుపెట్టె కొని, దాని మీద తెల్ల పెయింట్‌తో తన ఊరి పేరు రాసి, బట్టలు సర్దేశాడు. 2003లో చర్చలు ఆగిపోయాయి. ఏడాది పాటు ఆ పెట్టెలోంచే రోజూ చొక్కా తీసుకుని వేసుకుని మళ్లీ ఉతికి పెట్టెలోనే పెట్టేవాడట. 2006కల్లా మళ్లీ యుద్ధం, 2009 మేలో అది ముగిసేసరికి పెట్టెలో బియ్యం పోస్తున్నారు. నార్వేవాళ్లు మధ్యలో కూర్చుని ఏం మాట్లాడితే మనకేంటి అంటే, ఆ మాటలు కుదిరి ఉంటే నా గోడకు రంగు వేయడానికి అతను ఇక్కడ ఉండేవాడు కాదు. వలసలు వద్దనేవాళ్లు అందరికన్నా ముందు శాంతి చర్చలు కోరుకోవాలి. విచిత్రంగా రెండింటినీ తిట్టేది చాలాసార్లు ఒకే మనిషి. మా బావ లాంటివాళ్లు.

ఏఐ గురించి మా అన్న కొడుకు మాటే రాస్తాను. రెండో రోజు వీడియో కాల్‌లో చెప్పాడు. వాడి టీమ్‌లో టెస్టింగ్ పని సగం ఇప్పుడు ఏఐ చేస్తోంది. పక్క సీటు అమెరికన్‌కూ వీడికీ ఉద్యోగ భయం ఒకటే. కానీ ఉద్యోగం పోతే ఆయనకు పోయేది జీతం. వీడికి 60 రోజులు గడువు, ఆలోపు ఇంకో కంపెనీ దొరక్కపోతే ఇల్లు, కారు, పాప బడి అన్నీ వదిలి దేశం దాటాలి. నోబెల్ తీసుకున్న ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ లాంటివాళ్లు ఏఐ మనిషిని మించిపోయే ప్రమాదం గురించి హెచ్చరిస్తున్నారు, దాని మీద నాకు అభిప్రాయం చెప్పేంత చదువు లేదు. నేను చూసిన ప్రమాదం చిన్నది, మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో వచ్చింది.

పండగ వెళ్లిన వారానికి ఒక వీడియో. ఏదో బజారులో నలుగురు ఉత్తరాది కూలీలు ఒక ముసలాయన్ని కింద పడేసి కొడుతున్నారు. కింద "మన తిరుపతిలోనే, అందరికీ పంపండి". గంటలో గ్రూప్ ఉడికిపోయింది. ఇంటి ఓనర్లు మీటింగ్ పెట్టాలన్నారు. నాకూ ఒళ్లు మండింది, నిజం చెప్తున్నా. ఫోన్ తీసుకెళ్లి మాస్టర్‌కు చూపించి "వీళ్లు మీవాళ్లేనా?" అన్నాను. ఆ అడగడంలోనే ఎంత తప్పుందో తర్వాత తెలిసింది.

వాడు పెనం మీద నీళ్లు చల్లి, చేతులు తుడుచుకుని, వీడియో ఆపి ఆపి చూశాడు. మనుషుల్ని చూడలేదు. వాడు తెలుగు చదవడం నేర్చుకున్నది మా హోటల్ మెనూ బోర్డు మీద, ఇడ్లీ, వడ, ఉప్మా అని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. అందుకే ఎక్కడ బోర్డు కనిపించినా చదవబోతాడు. "అన్నా, ఈ అంగడి పేరు నాకు చదవను రాలేదు. నువ్వు చదువు" అన్నాడు.

నాకూ రాలేదు. దూరం నుంచి తెలుగులానే ఉంది. తలకట్లు ఉన్నాయి, గుండ్రాలు ఉన్నాయి, కానీ అందులో ఒక్కటి కూడా అక్షరం కాదు. వెనక ఆటో మీద రాసిందీ అంతే. అంటే ఆ వీడియో ఏఐతో తయారుచేసింది. పుట్టి పెరిగిన తెలుగువాళ్లం గ్రూప్‌లో 180 మందిమి ఉండి ఒక్కరం కూడా ఆ బోర్డు చదవబోలేదు, ఎందుకంటే చదవడం మనకు వచ్చని మన నమ్మకం. ఆ సంగతి గ్రూప్‌లో పెట్టాను. ముగ్గురు బొటనవేలు పెట్టారు. మీటింగ్ అయితే జరగలేదు. వీడియోను తీసేసినవాళ్లు తక్కువ, బావ డాలస్ నుంచి అదే వీడియోను రెండు రోజుల తర్వాత మా ఫ్యామిలీ గ్రూప్‌లో పంపాడు.

మాస్టర్ కూతురు ఇప్పుడు దగ్గర్లోని ప్రభుత్వ బడిలో ఒకటో తరగతి. మా అమ్మ దగ్గర కూర్చుని హోంవర్క్ చేస్తుంది, ఒకరు తెలుగు అక్షరాలు దిద్దుతుంటే ఇంకొకరు తమిళంలో చిట్టా రాస్తుంటారు. మొన్న మాస్టర్ ఒక కోరిక అడిగాడు. గంజాం నుంచి కొండకు వచ్చే భక్తులు చాలామంది మన వీధిలోంచే పోతారు, బోర్డు కింద ఒడియాలో ఒక్క లైను రాయిద్దాం అన్నా, గిరాకీ పెరుగుతుంది అని. తమిళం లైను ఎప్పటి నుంచో ఉంది, హిందీ లైను కూడా ఉంది, ఎవరూ ఏమీ అనలేదు. ఒడియా రాయిస్తే కాలనీవాళ్లు ఏమంటారో అని ఇంకా రాయించలేదు.