టెక్ సందేహాలు: మొదలే కాని ప్రోగ్రామ్ కోసం తెరిచిన ఫైళ్లను ఎవరు మూయాలి?

ప్రశ్న: సరఫరాదారులు మెయిల్‌లో పంపే బిల్లులను పీడీఎఫ్‌గా మార్చే సర్వీసు ఒకటి మా ఆఫీసులో లినక్స్ సర్వర్ మీద నడుస్తోంది. సీ భాషలో రాసిన ఆ సర్వీసు ప్రతి నిమిషం రెండు చైల్డ్ ప్రాసెస్‌లను (తాను నడిపించే వేరే ప్రోగ్రామ్‌లను) మొదలుపెడుతుంది. ఒకటి బిల్లును మార్చే కన్వర్టర్, రెండోది ఒక పాత బిల్లును కుదించి దాచే చిన్న ప్రోగ్రామ్. ఇటీవలి సిస్టమ్ అప్‌డేట్ తరువాత సర్వీసు రెండు గంటలు దాటగానే ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అంటూ ఆగిపోతోంది. ఒకేసారి తెరవగల ఫైళ్ల పరిమితిని 1,024 నుంచి 65,536కు పెంచితే ఆరు రోజులు నడిచి మళ్లీ ఆగింది. ఇంకా పెంచమంటారా? కోడ్, లాగ్ జతచేశాను. (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పెంచవద్దు. ఈ ఫిర్యాదు నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది, పంపినవారిలో ఎక్కువమంది అప్పటికే పరిమితిని పెంచి చూసినవారే. మీ లాగ్‌లో చూడవలసింది చివరి ఎర్రర్ కాదు, దానికి ముందు నిమిషానికొకసారి పడుతూ వచ్చిన ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అనే వరుస. అప్‌డేట్ మీ కుదింపు ప్రోగ్రామ్‌ను వేరే ఫోల్డర్‌కు మార్చింది. పీడీఎఫ్‌లు వస్తున్నంత కాలం ఈ రెండో పని జరగడం లేదని ఎవరూ గమనించలేదు.

ఇప్పుడు కోడ్ చూద్దాం. పాత బిల్లును చదవడానికి ఒక ఫైల్ తెరిచారు. చైల్డ్‌కు ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్ కోసం మూడు పైప్‌లు (ఒక ప్రాసెస్ నుంచి మరోదానికి డేటా పంపే దారులు) తెరిచారు, ఒక్కో పైప్‌కు రెండు కొసలు కనుక అవి ఆరు. మొత్తం ఏడు హ్యాండిళ్లు (తెరిచిన ఒక్కో ఫైల్‌కు, పైప్ కొసకు సిస్టమ్ ఇచ్చే నంబర్లు). ప్రోగ్రామ్ సవ్యంగా మొదలైతే వీటిని మూసే వరుసలు కింద వరుసగా ఉన్నాయి, వాటిలో తప్పు లేదు. చైల్డ్‌ను మొదలుపెట్టే స్పాన్ కాల్ విఫలమైతే మాత్రం మీ ఫంక్షన్ లాగ్‌లో ఒక వాక్యం రాసి, మైనస్ ఒకటిని తిప్పి పంపి చేతులు దులుపుకుంటోంది, ఆ మూసే వరుసల దాకా చేరడమే లేదు. సర్వీసు మామూలుగా నలభై హ్యాండిళ్లు వాడుతుందనుకుంటే, నిమిషానికి ఏడు చొప్పున 1,024 నిండడానికి 140 నిమిషాలు, 65,536 నిండడానికి ఆరున్నర రోజులు పడతాయి. మీరు చెప్పిన గడువులు సరిగ్గా ఇవే.

అయితే నన్ను కలవరపెడుతున్నది సర్వీసు ఆగిపోవడం కాదు, ఆగకుండా నడిచిన ఆ ఆరు రోజులు. మూయకుండా వదిలిన హ్యాండిల్ పేరెంట్ (చైల్డ్‌ను మొదలుపెట్టిన ప్రాసెస్, అంటే మీ సర్వీసు) దగ్గరే ఉండిపోదు. ‘క్లోజ్ ఆన్ ఎగ్జెక్’ (చైల్డ్‌లో కొత్త ప్రోగ్రామ్ మొదలవగానే మూసుకుపో అనే) గుర్తు లేకుండా తెరిచిన ప్రతి హ్యాండిల్ తరువాత మొదలయ్యే ప్రతి చైల్డ్‌కూ సంక్రమిస్తుంది, మీ కోడ్‌లో ఆ గుర్తు ఎక్కడా లేదు. అంటే బయటివారు పంపిన డాక్యుమెంట్లను విప్పి చదివే మీ కన్వర్టర్ చేతిలో, దానికి ఏ సంబంధమూ లేని వేలాది పాత బిల్లులు తెరిచిన స్థితిలో ఉన్నాయి. లినక్స్ అనుమతిని పరిశీలించేది ఫైల్ తెరిచేటప్పుడే, ఆ తరువాత చదివేటప్పుడు కాదు. కనుక కన్వర్టర్‌ను తక్కువ హక్కులున్న యూజర్‌గా నడిపినా, అప్పటికే తెరిచి అందించిన ఫైల్‌ను అది చదవగలదు. ఎవరైనా కావాలని చెడగొట్టిన డాక్యుమెంట్ పంపి కన్వర్టర్‌ను లొంగదీసుకుంటే, వారికి తాళం తీసే పని కూడా మీరు మిగల్చలేదు.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. కంటైనర్లను (ప్రోగ్రామ్‌లను మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసి ఉంచే గదుల్లాంటివాటిని) నడిపే రన్‌సీ అనే సాధనంలో 2024 జనవరిలో బయటపడిన లోపం (సీవీఈ-2024-21626) ఈ జాతిదే. 1.1.11 వరకు ఉన్న వెర్షన్లలో హోస్ట్ (కంటైనర్‌ను నడిపే అసలు మెషీన్) డైరెక్టరీకి చెందిన ఒక హ్యాండిల్ కంటైనర్ ప్రాసెస్‌లోకి జారిపోయేది, ఆ ఒక్క హ్యాండిల్‌ను పట్టుకుని కంటైనర్ గోడ దాటి హోస్ట్ ఫైళ్లను చేరుకోవడం సాధ్యమైంది. 1.1.12లో దానిని సరిచేశారు. అక్కడ జారినది ఒక్కటే, మీ దగ్గర నిమిషానికి ఏడు.

మరమ్మతు ఇలా చేయండి. ఫంక్షన్ మొదట్లోనే ఏడు వేరియబుళ్లకూ మైనస్ ఒకటి విలువ ఇవ్వండి. విజయమైనా వైఫల్యమైనా బయటికి వెళ్లే దారి ఒకటే ఉండాలి, అక్కడ మైనస్ ఒకటి కాని ప్రతి హ్యాండిల్‌ను మూయాలి, మూసిన వెంటనే దానిని తిరిగి మైనస్ ఒకటి చేయాలి. ఈ చివరి మాటను తేలికగా తీసుకోవద్దు. లినక్స్ కొత్త ఫైల్‌కు ఖాళీగా ఉన్న అతి చిన్న నంబరునే ఇస్తుంది కనుక, మీరు పొరపాటున రెండోసారి మూసిన నంబరు అప్పటికి మరో థ్రెడ్ (అదే ప్రాసెస్‌లో సమాంతరంగా నడిచే పని) తెరుచుకున్న డేటాబేస్ కనెక్షన్ కావచ్చు, ఆ తప్పు ఎక్కడిదో పట్టుకోవడానికి వారాలు పడుతుంది. మూయడానికి ముందు అసలు ఎర్రర్ నంబరును వేరుగా దాచుకోండి, లేకపోతే మూసే కాల్ దానిని మార్చివేయవచ్చు. స్పాన్‌కు బదులు ఫోర్క్ (ప్రాసెస్‌కు నకలును సృష్టించే కాల్) వాడే చోట్ల, ఎగ్జెక్ (ఆ నకలులో కొత్త ప్రోగ్రామ్‌ను నడిపే కాల్) విఫలమై ముగిసిన చైల్డ్ కోసం పేరెంట్ వెయిట్ కాల్ (చైల్డ్ ముగింపును అందుకునే కాల్) కూడా చేయాలి.

దీనికి తోడు, ప్రతి హ్యాండిల్‌కూ ‘క్లోజ్ ఆన్ ఎగ్జెక్’ గుర్తును తెరిచేటప్పుడే పెట్టండి. ఓపెన్ కాల్‌లో ఆ సౌకర్యం 2007లో వచ్చిన 2.6.23 కెర్నెల్ (లినక్స్ మూల భాగం) నుంచి ఉంది, పైప్‌ల కోసం పైప్2 అనే కాల్ 2008లో వచ్చింది. తెరిచిన తరువాత వేరే కాల్‌తో పెట్టవచ్చు కదా అంటే, ఆ రెండింటి నడుమ మరో థ్రెడ్ చైల్డ్‌ను మొదలుపెడితే హ్యాండిల్ జారిపోయినట్టే. పైథాన్ 3.4 నుంచి హ్యాండిళ్లు చైల్డ్‌కు సంక్రమించకుండా ఉండడమే సహజ స్థితి అయింది. అయినా ఆ భాషలోనూ మీరు స్వయంగా తెరిచి అవుట్‌పుట్ కోసం ఇచ్చిన ఫైల్‌ను మూసే బాధ్యత మీదే. ఈ గుర్తు పేరెంట్‌లోని లీకును (మూయని హ్యాండిళ్లు పోగుపడడాన్ని) ఆపదు, చైల్డ్‌కు చేరకుండా మాత్రమే ఆపుతుంది, కనుక రెండు మరమ్మతులూ అవసరమే.

వారానికొకసారి దానంతట అదే రీస్టార్ట్ అయ్యేలా మెనూలోనే ఏర్పాటుతో వచ్చే సీసీ కెమెరా రికార్డర్లు, రూటర్లు చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఇలాంటి లీకు ఏదైనా ఉంటే ఆ రీస్టార్ట్ దానిని కొనుగోలుదారు కంటికి కనబడకుండా కప్పిపెడుతుంది, లోపలి హ్యాండిళ్లు మాత్రం ఆ వారమంతా తెరిచే ఉంటాయి. మీరు కూడా రాత్రిపూట రీస్టార్ట్ పెట్టి సరిపుచ్చుకోవద్దు.

కోడ్ మార్చాక పరీక్షకు కుదింపు ప్రోగ్రామ్ పేరును కావాలనే తప్పుగా ఇచ్చి, రెండు వేల సార్లు మొదలుపెట్టించండి. ముందూ తరువాతా ప్రాక్ డైరెక్టరీలో మీ ప్రాసెస్ నంబరు కింద ఉండే ఎఫ్‌డీ ఫోల్డర్‌లో ఎన్ని ఎంట్రీలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కటి ఎక్కువ వచ్చినా ఆ సర్వీసుకు బయటి డాక్యుమెంట్లు ఇవ్వకండి.