విత్తన గడ్డకు డబ్బు ఎక్కడిది?

ప్రశ్న: జహీరాబాద్ ప్రాంతంలో ఆలుగడ్డ పండించే చిన్న రైతుల సామాజిక, ఆర్థిక స్థితిగతులపై ఎమ్మే ప్రాజెక్టు చేస్తున్నాను. వయసు, చదువు, కుటుంబ సభ్యుల సంఖ్య, భూమి విస్తీర్ణం ప్రశ్నావళిలో చేర్చాను. ఇవి సరిపోతాయా?
– ఒక విద్యార్థిని, సంగారెడ్డి

జవాబు: మీరు చేర్చినవన్నీ అవసరమే గాని, అక్కడితో ఆగిపోతే ఆలుగడ్డ రైతుకూ, పక్క చేలో కంది వేసిన రైతుకూ తేడా కనిపించదు. రెండున్నర ఎకరాల లోపు భూమి ఉన్నవారిని సన్నకారు రైతులనీ, అక్కడి నుంచి ఐదెకరాల లోపు ఉన్నవారిని చిన్నకారు రైతులనీ అంటాం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో సుమారు 86 శాతం ఈ రెండు తరగతులవే అయినా, వాటి కింద ఉన్న భూమి మొత్తం సాగుభూమిలో సగానికి తక్కువే.

ఆలుగడ్డ రైతు స్థితిని ఎకరాల కన్నా విత్తనమే ఎక్కువగా నిర్ణయిస్తుందని నా అభిప్రాయం. ఎకరానికి సుమారు 10 క్వింటాళ్ల విత్తన గడ్డ కావాలి. సాగు ఖర్చులో పెద్ద పద్దు అదే. పండిన గడ్డను వేసవి, వానకాలం దాటించి నిలువ ఉంచడం చిన్న రైతుకు సాధ్యపడదు. ఉంచగలిగినా, ఏటా అదే గడ్డను వేస్తూ పోతే వైరస్ తెగుళ్లు పేరుకుని దిగుబడి తగ్గుతుంది. అందుకే విత్తనం ఆగ్రా, జలంధర్ వంటి చోట్ల నుంచి లారీల్లో రావాలి, దాని సొమ్ము అక్టోబరు, నవంబరుల్లో నాటకముందే చేతిలో ఉండాలి. బ్యాంకు అప్పు వేళకు అందిన రైతు ధర చూసుకుని అమ్ముకోగలడు. పంట తనకే అమ్మాలనే షరతుపై వ్యాపారి దగ్గర విత్తనం అరువు తెచ్చిన రైతు మాత్రం, అందరి గడ్డా ఒక్కసారే మార్కెట్‌కు చేరి ధర పడిపోయిన రోజున కూడా ఆగలేడు. ఈ ఇద్దరి భూమి, చదువు, వయసు మీ పట్టికలో ఒకేలా ఉండవచ్చు. కనుక విత్తనం ఎవరి దగ్గర, ఎవరి డబ్బుతో, ఏ షరతుపై తెచ్చారో తప్పక అడగండి.

సొంత భూమినీ కౌలు భూమినీ వేర్వేరుగా రాసుకోండి. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే అందింది తప్ప కౌలుదారుకు కాదు.

‘కుటుంబ శ్రమ’ అని ఒక్క గడిలో సరిపెట్టవద్దు. తవ్విన గడ్డలను ఏరి, సైజుల వారీగా వేరుచేసి సంచులకెత్తే పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే. ఆ వివరాలు ఇంటి యజమానిని కాక వారినే అడగాలి. ప్రశ్నావళిలో ‘బంగాళాదుంప’ అని కాకుండా, అక్కడివారు అనే ‘ఆలుగడ్డ’ అనే రాయండి.

జనవరి, ఫిబ్రవరిల్లో తవ్వకాలు సాగుతుండగా వెళితే మీతో కూర్చుని మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. మార్చిలో వెళ్లండి. అప్పటికి అమ్మకాలు ముగిసి, మార్కెట్‌లో ఇచ్చిన తక్‌పట్టీలు (అమ్మిన సరుకు తూకం, ధర రాసిన చీటీలు) ఇంట్లోనే ఉంటాయి కాబట్టి, ధరను రైతు జ్ఞాపకం మీద ఆధారపడకుండా చీటీ చూసి రాసుకోవచ్చు.