గ్రాంట్ ఇచ్చే ముందు టీచర్ని అడగండి, అమ్మలూ

అమ్మలూ,

నిన్న నువ్వు ఫోన్లో చెప్పిందంతా రాత్రి పడుకున్నాక కూడా బుర్రలో తిరుగుతూనే ఉంది. మీ టెన్త్ బ్యాచ్ వాళ్ళు యాభై మంది నెలకి 500 చొప్పున వేసుకోవడం, అదీ ఆర్చీ కట్టిద్దాం గేటు పెట్టిద్దాం అని కాకుండా పిల్లలు క్లాసులో కొత్తగా ఏదైనా చేసేలా టీచర్లకి చిన్న చిన్న గ్రాంట్లు ఇద్దాం అనుకోవడం, నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఇన్నేళ్ళు గవర్నమెంట్ బళ్ళలో పనిచేసినవాడిని కదా, నాలుగు మాటలు రాస్తున్నా, ఫోన్లో అయితే సగం మర్చిపోతా.

ముందు వస్తువులతో మొదలెట్టకండి. నేను హెడ్మాస్టర్‌గా ఉన్న ఒక బడికి పాత విద్యార్థులు మంచి మనసుతో ప్రొజెక్టర్ కొనిచ్చారు, ఏ టీచర్నీ అడగలేదు, ఏ పాఠానికి వాడతారో ఎవరూ అనుకోలేదు, మొదటి నెల సరదాగా నడిచింది, తర్వాత వైరు పాడైతే బాగుచేయించే దిక్కు లేక బీరువాలో పెట్టి తాళం వేశాం. తాళం వేసింది నేనే. పోతే నా మీదకి వస్తుందని భయం. ఆ బీరువా ఇప్పటికీ గుర్తొస్తుంది నాకు.

అదే బళ్ళో మా సోషల్ మేష్టారు ఒకసారి వచ్చి, ఎనిమిదో క్లాసు పిల్లలతో ఊళ్ళో ఉన్న బావులన్నీ కొలిపిస్తానండీ అన్నారు. ఊళ్ళో నలుగురం కలిసి ఇచ్చింది 4,300 రూపాయలు, అందులోనే తాడు, 30 మీటర్ల టేపు, చార్టులు, స్కెచ్ పెన్నులు, ఆఖర్న 60 కాపీలు జిరాక్స్ తీసి కుట్టించిన చిన్న పుస్తకం. తాడుకి అర మీటరుకొక ఎర్రగుడ్డ పీలిక కట్టి, కొసకి రాయి కట్టి, మేష్టారూ ఇద్దరు రైతులూ బావిలోకి వదిలేవాళ్ళు, పిల్లలేమో గట్టుకి దూరంగా గీసిన ముగ్గు గీత దాటకుండా నిలబడి పీలికలు లెక్కపెట్టి రాసుకునేవాళ్ళు. పదకొండు బావుల్లో మూడింట్లోనే నీళ్ళున్నాయి. అది చార్టు మీద సెంటీమీటరుకి మీటరు చొప్పున గీస్తుంటే లెక్కల మేష్టారు కూడా వచ్చి కూర్చున్నారు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడొకడు వాళ్ళ తాతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు, ఆయన అందులో నాలుగు బావులు తవ్విన మనిషి, ఏ ఏడు తవ్వారో ఎంత లోతులో రాయి తగిలిందో చెప్తుంటే పిల్లాడు పక్కన నిలబడి అందరి మొహాలూ చూస్తున్నాడు. మీ డబ్బులు వెళ్ళాల్సింది అలాంటి చోటికి తల్లీ.

కాబట్టి టీచర్లనే అడగండి. ఒక్క పేజీ చాలు, తెలుగులోనే, పిల్లలు ఏం చేస్తారు, ఎన్నాళ్ళు పడుతుంది, ఏమేం కొనాలి, అంతే. నా మటుకు నేను ఆ పేజీలో 'పిల్లలకి చూపిస్తాం' అని ఉంటే పక్కన పెడతా, 'పిల్లలు చేస్తారు' అని ఉంటే చదువుతా. తోలుబొమ్మల్లాగా అట్టబొమ్మలు కత్తిరించి పాఠం ఆడించడం కావచ్చు, గోడపత్రిక కావచ్చు, సీసాతో వానకొలత చేసి తొలకరి నుంచి తుఫాన్ల దాకా రోజూ రాయడం కావచ్చు. 5 వేల నుంచి 15 వేల లోపే పెట్టుకోండి, అంతకన్నా పెద్దవైతే భయం మొదలవుతుంది, మళ్ళీ బీరువాయే. సుద్దముక్కలకీ కరెంటు బిల్లుకీ చిన్న రిపేర్లకీ మీరు ఇవ్వక్కర్లేదు, వాటికి సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద స్కూల్ గ్రాంట్ వస్తుంది, 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50 వేలని లెక్క. అది వీటికే సరిపోదంటారు, నిజమే, కానీ మీరు ఆ గుంట పూడ్చడం మొదలెడితే బావులు కొలిచే మేష్టారికి ఏమీ మిగలదు.

జూన్లో బడి తెరిచిన పదిహేను రోజుల్లో అడిగి, జులైలో ఇచ్చెయ్యండి. సంక్రాంతి దాటాక పదో తరగతి పరీక్షల గోల, ఎవరి చేతా ఏమీ కాదు. బదిలీలు కూడా ఉంటాయి, అందుకే ఆ ఏడాదిలోనే అయిపోయే పనులు చూసుకోండి.

డబ్బు టీచరు చేతికి ఇవ్వకండి, అనుమానంతో కాదు, ఆ మనిషిని ఊళ్ళో నోళ్ళ నుంచి కాపాడ్డానికి. అమెరికాలో డోనర్స్‌చూజ్ అని ఉంది కదా, టీచర్లు అడిగినవాటికి జనం డబ్బులిచ్చే వెబ్‌సైటు, 2000లో బ్రాంక్స్‌లో ఛార్లెస్ బెస్ట్ అనే టీచరు మొదలెట్టింది, వాళ్ళు సామాను కొని నేరుగా బడికి పంపుతారు. మీరూ షాపు వాడికి ఫోన్‌పే చేసి బిల్లు ఫొటో గ్రూపులో పెట్టండి. హెడ్మాస్టరు సంతకం, పేరెంట్స్ కమిటీ తీర్మానం రెండూ ముందే తీసుకోండి. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ముగ్గురు చాలు, అందులో ఒకరు మాత్రం ఆ బళ్ళో చదివే పిల్లల తల్లి అయి ఉండాలి.

ఇంకోటి, ఇది ముఖ్యం. మీ వాళ్ళలో అమెరికా పాస్‌పోర్ట్ తీసుకున్నవాళ్ళు ఉన్నారన్నావు. వాళ్ళకి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నా సరే ఆ డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కిందకి వస్తుంది, నీ అకౌంట్లో వేయించుకోకు, ముందు ఆడిటర్ని కలువు. ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే దానికి ఆ ఇబ్బంది లేదు.

ఫ్లెక్సీలు, శాలువాలు వద్దమ్మా. దాతలు వస్తున్నారని పిల్లల్ని ఎండలో లైన్లో నిలబెట్టడం నేను చాలాసార్లు చూశాను, ఆపలేకపోయాను కూడా. మీ వాళ్ళకి ఏం జరిగిందో తెలియాలంటే పిల్లలు కుట్టిన పుస్తకం ఒక్కొక్క కాపీ పోస్టులో పంపించు.

ఆదివారం నాలుగు తర్వాత ఫోన్ చెయ్యి, మన హైస్కూల్లో సైన్స్ టీచరమ్మతో మాట్లాడి ఉంచుతా, ఆవిడ వానకొలత గురించి ఎప్పటినుంచో అంటోంది.

మీ మామయ్య