మాన్యువల్ బొమ్మల్లో కూడా ఆడా మగా తేడానా?

"మిషన్ల మాన్యువల్స్‌లో బొమ్మలకు లింగవివక్ష అంటగట్టడం అతి కాదా?" అని అడిగారు. కాదు. బాలానగర్‌లో ఒక మోటార్ల కంపెనీకి ఆ బొమ్మలు గీసినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా.

మోటారూ పంపూ ఒకే దిమ్మగా ఉండి నీళ్లెక్కించే మోనోబ్లాక్ మోటార్ బుక్‌లెట్ అది. పాతది చేతికిచ్చి "ఇలాగే, కొంచెం నీట్‌గా" అన్నారు. అందులో బోల్టులు బిగించేది ప్యాంటూ షర్టూ వేసుకున్నాయన. స్టార్టర్‌కి వైర్లు కలిపేదీ ఆయనే. చీర కట్టుకున్నావిడ రెండే చోట్ల కనిపిస్తుంది: చివరి పేజీలో బిందె పట్టుకుని నవ్వుతూ, జాగ్రత్తల పేజీలో తడిచేత్తో స్విచ్ వేస్తూ. ఆ రెండో బొమ్మ మీద ఎర్రటి ఇంటూ మార్కు. పక్కనే టిక్కు పెట్టిన బొమ్మలో రబ్బరు చెప్పులేసుకుని మళ్లీ ఆయనే!

ఎవరింట్లో చూశారండీ ఇది? మా బస్తీలో నల్లా వచ్చేది తెల్లవారుజామున. సంపులోంచి ట్యాంకుకి నీళ్లెక్కించేది ఆడవాళ్లే. సంపులో పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ లీకై మోటార్‌కి ఎయిర్ పట్టేస్తే, పైన ప్లగ్గు విప్పి, చెంబుతో నీళ్లు పోసి, బుడగలు ఆగాక మళ్లీ బిగించేది మా అత్తమ్మ. నీళ్లు లేకుండా ఒట్టిగా తిరిగితే లోపల సీల్ కాలిపోతుందని ఆవిడకి ఏ బుక్‌లెట్టూ చెప్పలేదు. అందుకే మోటార్‌లో నీళ్లు పోయడం చూపే పేజీలో ఆవిణ్ణే గీశాను, చేతిలో చెంబు, పక్కన పానా.

కంపెనీ సార్ చూసి, "బాగుందమ్మా, కానీ ఆడమనిషి విప్పినట్టుంటే మోటార్ ఊరికే చెడిపోతుందనుకుంటారు" అన్నారు. అదేం లాజిక్కో! చివరికి అచ్చయింది ఒట్టి చెయ్యి, మోచేతి దాకా, గాజుల్లేకుండా. అదే మిక్సీ బుక్‌లెట్‌లో అయితే గాజులూ నెయిల్ పాలిషూ అడక్కుండానే వచ్చేస్తాయి.

మగవాళ్లు గీస్తారు కాబట్టే ఇలా అనకండి. 1972లో గ్రహాంతరవాసులెవరైనా చూస్తారని అమెరికా పయనీర్-10 వ్యోమనౌకతో అంతరిక్షానికి పంపిన పలక మీద చెయ్యెత్తి పలకరించేది మగమనిషే, ఆడమనిషి చేతులు దించుకుని నిలబడింది. ఆ బొమ్మ వేసింది లిండా సాల్జ్‌మన్ సాగన్, ఆడమనిషే.

ఇప్పుడైతే బుక్‌లెట్టే సరిగా ఇవ్వట్లేదు, క్యూఆర్ కోడ్ అంటించి వదిలేస్తున్నారు. ఇచ్చినా అక్షరాలు చీమ తలకాయంత. మొన్న రాణిగంజ్‌లో కొత్త మోటార్ కొన్నాం. బేరమాడింది నేను, డబ్బు కట్టింది నేను. షాపతను వారంటీ కార్డు మాత్రం మా ఆయన చేతిలో పెట్టి, ఎలా బిగించాలో ఆయనకే వివరించాడు. ఆయనకి ఫుట్‌వాల్వ్ ఎక్కడుంటుందో కూడా తెలీదు.