కూలిన ఊరిని కట్టేటప్పుడు ఎవరిని అడగాలి?

ప్రశ్న: యుద్ధంలో నేలమట్టమైన నగరాలను టీవీలో చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. జనం గుడారాల్లో ఉన్నప్పుడు మీటింగులు పెట్టి అభిప్రాయాలు అడుగుతూ కూర్చుంటే ఆలస్యమే కదా? ఖర్చెంత, లాభమెంత అని నిపుణులు లెక్క వేసి పని మొదలుపెట్టేస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ తొందరలో న్యాయం ఉందమ్మా. నీళ్లు, కరెంటు, ఆసుపత్రి... వీటికోసం ఎవరినీ అడగనక్కర్లేదు, వెంటనే చేయాల్సిందే. ఆ తర్వాతి సంగతే నాకు టెన్షన్. చాలా ఏళ్లు నగర ప్రణాళిక పాఠాలు చెప్పినదాన్ని, లెక్కలంటే నాకు గౌరవమే. కానీ లెక్కలో ఏ పద్దులు రాయాలో అక్కడ బతికినవాళ్లకే తెలుసు.

క్లాసులో ఒక ఉదాహరణ చెప్పేదాన్ని. ఒకావిడ ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బతికేది. ఇల్లు కూలింది. ఊరి చివర ఏడో అంతస్తులో అంతకంటే పెద్ద ఫ్లాట్ ఇచ్చారు. కాగితం మీద ఆమెకు లాభమే. కానీ ఒక చొక్కా చేతులు పొట్టి చేయించుకోవడానికి ఏడో అంతస్తుకు ఎవరొస్తారు? ఆ పద్దు ఆమె చెబితే తప్ప ఏ నిపుణుడికీ తట్టదు. బ్రిటన్ ప్లానర్ నేథనియల్ లిచ్‌ఫీల్డ్ 1950ల్లోనే ఈ మాట పట్టుకున్నాడు. మొత్తం లాభం ఒక్క అంకెలో చెబితే చాలదు, ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో విడివిడిగా పట్టిక వేయమన్నాడు.

ఇంకో చిక్కు డిస్కౌంట్ రేటు, అంటే రేపటి లాభం ఇవాళ ఎంత విలువో తేల్చడానికి ఏడాదికింత అని తగ్గించే శాతం. ముప్ఫై ఏళ్ల తర్వాత వచ్చే వంద రూపాయల లాభాన్ని 8 శాతం రేటుతో లెక్కిస్తే ఇవాళ దాని విలువ పది రూపాయలే. అదే 3 శాతమైతే నలభై ఒకటి. చూడండి, అంకె ఎంత మారిపోయిందో! చెట్లు, బడులు, పార్కులు నిదానంగా ఫలితమిస్తాయి కాబట్టి ఎక్కువ రేటు పెడితే అవే ముందు ఓడిపోతాయి. ఆ రేటు ఎంతుండాలో తేల్చేది గణితం ఒక్కటే కాదు, రేపటి పిల్లల గురించి మనమేం అనుకుంటున్నామన్నది కూడా.

లెబనాన్ రాజధాని బీరూట్ సంగతి చెప్పాలి. 1990లో అంతర్యుద్ధం ముగిశాక నగరం నడిబొడ్డును కట్టే పనిని సోలిదేర్ అనే ఒకే కంపెనీకి అప్పగించారు. యజమానులు, అద్దెదార్లలో చాలామందికి ఆస్తికీ హక్కుకీ బదులు ఆ కంపెనీ షేర్లు చేతికొచ్చాయి. షేరుకు ధర ఉంటుంది, నిజమే. తాత కొట్టు ఉన్న సందులో మళ్లీ షట్టర్ ఎత్తే హక్కు దానితో రాదు.

హిరోషిమాలో అడిగారు. నగర పునర్నిర్మాణానికి ప్రత్యేక చట్టం కోసం 1949 జూలైలో ఓటింగ్ పెడితే జనం భారీ మెజారిటీతో ఒప్పుకున్నారు. బాంబు దెబ్బకు మోడుగా మిగిలిన గోపురాన్ని మాత్రం కూల్చాలా, ఉంచాలా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. చూస్తేనే గుండె పగులుతోందన్నవాళ్లూ ఉన్నారు. చివరికి 1966లో నగర సభ ఉంచాలని తీర్మానించింది, మరమ్మతులకు విరాళాలు వచ్చాయి. ఆ నొప్పిని ఏ గడిలో, ఏ ధరకు రాస్తాం?

కాబట్టి అడగడం శిథిలాలు ఎత్తకముందే మొదలవ్వాలి. బుల్డోజర్ వెళ్లిపోయాక ఏ గడప ఎక్కడుందో, ఏ గోడ ఎవరిదో చూపించడానికి ఒక్క ఇటుకా మిగలదు.