రంగు వేసేది మెషీనే అయితే రిపోర్టుకు ఇన్ని రోజులెందుకు?

ప్రశ్న: మా అమ్మకు రొమ్ములో గడ్డ ఉంటే సోమవారం సూదితో ముక్క తీశారు. ల్యాబ్‌లో స్లైడ్లకు రంగు వేసేది కూడా మెషీనే అన్నారు, మళ్ళీ రిపోర్టుకు శనివారం రమ్మంటున్నారు. ఇన్ని రోజులెందుకు? మెషీన్‌ని నమ్మొచ్చా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: ఆలస్యమైందంటే చెడ్డ కబురేనని మాత్రం అనుకోకండి. రంగు వేయడానికి మెషీన్‌కి పట్టేది గంటలోపే, రోజులు పట్టేది దానికి ముందు పనికి. తీసిన ముక్క ఫార్మలిన్‌లో, అంటే కణాలు పాడవకుండా నిలిపే ద్రావణంలో నానాలి. రొమ్ము ముక్కకైతే కనీసం 6 గంటలు, 72 గంటలు దాటకూడదని నియమం, ఎందుకంటే తర్వాత ఆ ముక్క మీదే చేసే హార్మోన్ పరీక్షలు (గడ్డ హార్మోన్లకు స్పందించే రకమా అని చూసేవి) సరిగ్గా రావడం దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఆ తర్వాత ఇంకో మెషీన్ రాత్రంతా ఆల్కహాల్‌తో నీటిని లాగేసి, ఆ ఆల్కహాల్‌ని తీసేసే జైలీన్ అనే ద్రవంలో ఉంచి, కరిగిన మైనం పట్టిస్తుంది. ఆ మైనం బ్లాకును 3, 4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొరలుగా కోయాలి. ఇది ఇప్పటికీ చాలా ల్యాబుల్లో టెక్నీషియన్ చేతి పనే. గోరువెచ్చటి నీళ్ళ మీద ఆ పొర ముడత లేకుండా విచ్చుకునేదాకా చూసి, స్లైడుతో కింద నుంచి మెల్లగా ఎత్తుతారు.

రంగు విషయంలో మాత్రం నేను మెషీన్ పక్షమే. మేం చేత్తో వేసే రోజుల్లో హిమటాక్సిలిన్ అనే రంగులో ముంచిన స్లైడుని కుళాయి కింద కడిగితే ఎర్రటి ఊదా కాస్తా నీలంగా తిరిగేది, అందుకు నీళ్ళలో కొంచెం క్షారం ఉండాలి. ఒకరోజు కావేరి నీళ్ళు, ఇంకోరోజు బోరు నీళ్ళు, ఎండాకాలం వస్తే ట్యాంకరు, రంగు రోజుకో తీరున వచ్చేది! మెషీన్ ప్రతి స్లైడునీ అదే ద్రావణంలో అన్నే సెకన్లు ఉంచుతుంది, అందుకే కణం మధ్యలో కేంద్రకం నీలంగా, చుట్టూ గులాబీ రంగు ఎప్పుడూ ఒకేలా వస్తాయి. అయితే ద్రావణం పాతబడిందని దానికి తెలియదు, అందుకే మంచి ల్యాబుల్లో పొద్దున్నే ఒక పరీక్ష స్లైడు వేసి పాథాలజిస్టు చూశాకే మిగతావి పెడతారు. జబ్బేమిటో తేల్చేదీ ఆ డాక్టరే.

నాకు అన్నిటికంటే భయం ముక్క డబ్బాలో పడే క్షణం గురించే. ఒకసారి ఒక నర్సింగ్ హోమ్ నుంచి ముక్క ఫార్మలిన్‌కి బదులు సెలైన్‌లో రాత్రంతా ఉండి వచ్చింది. కణాలు గుర్తుపట్టలేనంతగా పాడైపోయి, పాపం ఆ పేషెంటుకి మళ్ళీ సూది గుచ్చాల్సి వచ్చింది, రంగు వేసే మెషీన్ ఎంత మంచిదుండి ఏం లాభం చెప్పండి. మీ వాళ్ళలో ఎవరికైనా డబ్బా చేతికిచ్చి బయట ల్యాబ్‌లో ఇమ్మంటే, లోపల ఉన్నది ఫార్మలినేనా అని అడగండి, పేరు మూత మీద కాకుండా డబ్బా మీద రాయించండి.

శనివారం రిపోర్టుతో పాటు స్లైడ్లు, బ్లాకు కూడా కావాలని అడగండి. బెంగళూరులోని కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట రెండో అభిప్రాయానికి వెళ్తే అవి అవసరమవుతాయి. బ్లాకును ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి, మైనం మెత్తబడుతుంది.